లేని ఊరికి రైలు దారి

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇండ్లలో మెట్ల ముందు నేలమీద ఒక చిన్న పల్లెను కూడా అమర్చడం వాడుక. ఇసుకతో కొండ, అద్దం ముక్కతో చెరువు, మూకుడులో మొలిపించిన రాగిపైరుతో పొలం, వాటి నడుమ ఒక రేకు రైలుబండి. పండుగ దాటగానే అన్నీ బుట్టలలోకి పోతాయి. ఇదే పనిని పండుగతో ముగించక జీవితమంతా సాగించిన వారు కొందరు ఇంగ్లండులోను, అమెరికాలోను ఉన్నారు. వారు లోకంలో లేని లోయలను కల్పించి, వాటిలో లేని ఊళ్ళు కట్టి, ఆ ఊళ్ళకు రైలు దారులు వేశారు. మొదట సున్నపు ముద్దతోను రంపపు పొట్టుతోను చేసిన ఈ పని నేడు కంప్యూటరు తెరమీద జరుగుతున్నది. రైలును నడిపే అనుభవాన్ని తెరమీద కలిగించే ప్రోగ్రామును ట్రెయిన్ సిమ్యులేటరు అంటారు. అందులో ఇంజను ఎంత ముఖ్యమో, ఇంజను కిటికీలోనుంచి కనిపించే కొండ, చెట్టు, వంతెన, గుడిసె కూడా అంత ముఖ్యం. ఆ కొండా చెట్టూ ఎక్కడనుంచి వచ్చినవన్నదే ఈ చరిత్ర.

ఇట్టి కల్పిత మార్గాలలో నారోగేజికి మొదటినుంచి పెద్దపీట. కారణం కొంత భౌతికశాస్త్రం, కొంత గది కొలత. రైలు పెట్టె చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. బండి పూర్తిగా వెనుకకు మళ్ళేటట్లు అర్ధవృత్తం తిరిగినప్పుడు బయటి పట్టా లోపలి పట్టాకంటె పొడుగు. ఆ తేడా గేజిని పై విలువతో హెచ్చించినంత. మన దేశపు బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు గనుక తేడా సుమారు 5.3 మీటర్లు. 610 మిల్లీమీటర్ల నారోగేజికి అది 1.9 మీటర్లు మాత్రమే. చక్రపు అంచు ఏటవాలుగా ఉండడం వల్ల ఈ తేడాలో కొంత సర్దుకుంటుంది, మిగిలినది ఒరిపిడి. కనుక సన్నదారి ఇరుకు మలుపులను ఓర్చుకుంటుంది; కొండ చరియను తొలచకుండా దానిని అంటిపెట్టుకొని పోగలదు. ఖర్చు తక్కువ. ఇంటిలో ఒక మూల బల్లమీద రైలు దారి వేయదలచిన వానికీ ఇదే సౌకర్యం.

వేల్సు దేశంలో ఫెస్టినియాగ్ రైలు మార్గం 1836లో తెరవబడింది. గేజి 597 మిల్లీమీటర్లు. గనులనుంచి పలకరాతిని ఓడరేవుకు తెచ్చే బండ్లు వాలుమీద తమ బరువుతోనే దిగి వచ్చేవి. ఖాళీ బండ్లను గుర్రాలు పైకి లాగేవి. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1870లో అక్కడ రాబర్ట్ ఫేర్లీ రూపొందించిన జంట ఇంజనుకు జరిగిన పరీక్షలను చూడడానికి పలు దేశాలనుంచి ఇంజనీర్లు వచ్చారు. ఆ తరువాతనే నారోగేజి ప్రపంచమంతటా వ్యాపించింది. డార్జిలింగు కొండ రైలు 1881 నాటికి పూర్తయింది. 1900లో పర్లాకిమిడి రాజావారు తమ ఖర్చుతో నౌపడానుంచి పర్లాకిమిడికి 762 మిల్లీమీటర్ల దారి వేయించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజులవి.

నిజంగా ఉన్న దారినే నమూనాగా ఎందుకు చేయరాదు? లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఫెస్టినియాగ్ మార్గం పొడవు పదమూడున్నర మైళ్ళు, అనగా సుమారు 21.7 కిలోమీటర్లు. నమూనాలు చేసేవారు ఎక్కువగా వాడే 76వ వంతు కొలతకు కుదించినా 285 మీటర్ల బల్ల కావాలి. అంత ఇల్లు ఎవరికున్నది? అందుచేత దారిని నరకాలి, స్టేషన్లను దగ్గరకు లాగాలి. అప్పుడది ఫెస్టినియాగూ కాదు, మరొకటీ కాదు. అంతకంటె చిన్న లోయ నొకదానిని కల్పించుకొని, అందులో సరిగ్గా పట్టే దారిని వేసుకొనుటే నిజాయితీ. వినడానికి విపరీతంగా ఉన్నా, నమూనాల విషయంలో కల్పనే తక్కువ అబద్ధం.

ఈ సంగతిని మొదట గ్రహించిన వారిలో లండనులోని జాన్ ఎహెర్న్ ఒకరు. 1930వ దశాబ్దం చివర ఆయన మాడర్ వ్యాలీ అనే కల్పిత లోయలో ఒక చిన్న రైలు దారిని మొదలుపెట్టారు. అంతకు ముందు ఔత్సాహికుల శ్రద్ధ అంతా ఇంజన్లమీదనే. బండి చదును బల్లమీద గుండ్రంగా తిరిగేది, దాని చుట్టూ ఏమీ ఉండేది కాదు. ఎహెర్న్ ఇండ్లను, మిల్లులను, వంతెనలను దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న నిజమైన కట్టడాలను చూచి చేసి, వాటిని తన లోయలో కూర్చారు. ప్రతి ఇల్లూ నిజం, ఊరు మాత్రం కల్పితం. 1951లో ఆయన సూక్ష్మ ప్రకృతి దృశ్య నిర్మాణంపై ఒక పుస్తకమే వ్రాశారు. ఎడింబరోలో పి. డి. హాంకాక్ క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫర్డ్ అనే కల్పిత నారోగేజి మార్గాన్ని ఏండ్ల తరబడి కట్టి, మళ్ళీ మళ్ళీ తిరగగట్టారు. ఆయన వాడిన కొలతలో నాలుగు మిల్లీమీటర్లు ఒక అడుగు, పట్టాల మధ్య దూరం తొమ్మిది మిల్లీమీటర్లు. భాగిస్తే రెండుంబావు అడుగులు వస్తుంది. వేల్సులోని టాలిలిన్ రైలు దారి గేజి సరిగ్గా అంతే.

ఆ టాలిలిన్ మార్గాన్ని మూతపడకుండా 1951లో ఔత్సాహికులు తమ చేతులతోనే నిలబెట్టారు. ప్రపంచంలో ఇట్లా కాపాడబడిన మొదటి రైలు మార్గమది. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసిన వారిలో పిల్లల రైలు కథలు వ్రాసిన ఆడ్రీ అనే మతాచార్యుడు ఉన్నాడు. ఆయన కథలలో ఊళ్ళ దూరాలు ఒకదానికొకటి పొసగక, బొమ్మలు వేసేవారు తలా ఒక విధంగా గీయడంతో, తమ్మునితో కలిసి సోడర్ అనే దీవి పటాన్నే తయారుచేశాడు. ఇంగ్లండులో ‘సోడర్ అండ్ మాన్’ అని బిషప్పు పదవి ఒకటి ఉన్నది. మాన్ దీవి ఉన్నది. సోడర్ ఎక్కడా లేదు. పదవి ఉండి దీవి లేకపోవడమెందుకని ఆయన దీవిని కల్పించాడు! తరువాత ఆ దీవికి నదులు, గనులు, చరిత్ర సమకూరాయి. కల్పితమైన దారికి ముందుగా పటం కావాలన్న సూత్రం ఇక్కడినుంచే నేర్చుకోవచ్చు.

ఇదే కాలంలో రాయ్ ఇంగ్లండ్ చేసిన పని వేరు రకమైనది. ఆయన 1925లో ఆస్ట్రేలియానుంచి వచ్చినవాడు. వైట్‌హార్స్ లోయలోని పాత పూరి కప్పుల ఇండ్లు కొన్ని కూలిపోవడం, కొన్ని రూపం మారడం చూచి, అవి పూర్తిగా మాయం కాకముందే కొలతలు తీసి అట్టముక్కలతో కట్టడం మొదలుపెట్టాడు. 1954లో పెండన్ అనే చిన్న మ్యూజియం ఏర్పడింది. ఎహెర్న్ కల్పిత లోయ కూడా ఆయన మరణానంతరం అక్కడికే చేరింది. ఒకటి పోయిన దానిని దాచడానికి, మరొకటి ఎన్నడూ లేని దానిని కల్పించడానికి. ఒకే కప్పు కింద రెండూ ఉన్నవి.

అమెరికాలో జాన్ ఆలెన్ కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి కింది గదిలో నేలనుంచి పైకప్పుదాకా కొండలు కట్టాడు. దూరాలు ఎక్కువగా కనబడడానికి అద్దాలు అమర్చాడు. కొత్త పెట్టెలకు తుప్పు, మసి, ఎండకు వెలిసిన రంగు పూసే విద్యను ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. మార్గం పేరు గోర్ అండ్ డెఫెటిడ్. పలికితే ‘రక్తసిక్తమై ఓడినది’ అని ఇంగ్లీషులో ధ్వనిస్తుంది. దానికొక నారోగేజి శాఖ కూడా ఉండేది. పదమూడవ నంబరు ఇంజనుకు బదులు పెట్టెలు తోసే ఒక రాక్షసబల్లిని పెట్టి నవ్వించాడు. 1973 జనవరిలో ఆలెన్ మరణించాడు. పది రోజులు గడిచేసరికి ఆ ఇంటిలో నిప్పంటుకొని ఇరవై ఏండ్ల పని కాలిపోయింది. మిగిలినవి ఫొటోలు, కొద్ది పెట్టెలు మాత్రమే.

బల్లమీది కొండ కంప్యూటరులోకి వెళ్ళడానికి మధ్య రెండు మెట్లు ఉన్నవి. మొదటిది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన నమూనా రైళ్ళ విద్యార్థి సంఘం. సభ్యులలో ఒక వర్గం రైళ్ళు, కొండలు చేసేది. మరొక వర్గం బల్లకింద టెలిఫోను రిలేలతో సిగ్నళ్ళ వ్యవస్థ అల్లేది. బల్లకింది వారే కొద్దికాలానికి ఆ సంస్థలోని కంప్యూటర్ల చుట్టూ చేరారు. 1962లో అక్కడ తయారైన ‘స్పేస్‌వార్’ అనే ఆటకు ఆద్యుడైన స్టీవ్ రస్సెల్ ఈ సంఘం సభ్యుడే. రెండవది విమాన చోదకుల శిక్షణ. 1950, 60 దశాబ్దాలలో శిక్షణ యంత్రం ముందు కనిపించే నేలను గోడంత పలకమీద బొమ్మగా కట్టి, దానిమీదుగా ఒక టెలివిజన్ కెమెరాను నడిపేవారు. శిక్షణ పొందేవాడు చుక్కాని తిప్పితే కెమెరా తిరిగేది. అనగా ఆనాటి సిమ్యులేటరు సగం ఎలక్ట్రానిక్సు, సగం బొమ్మల కొలువు. పలక దాటితే లోకం లేదు. ఈ ఇబ్బందినుంచి బయటపడడానికే బొమ్మను లెక్కలతో గీయించే ప్రయత్నాలు ఊపందుకున్నవి.

లెక్కలతో గీయడంలో మొదటి చిక్కు, అన్నీ గీయడానికి సమయం చాలదు. తెర సెకనుకు పాతిక, ముప్ఫై సార్లు మారాలి. 1976లో జేమ్స్ క్లార్క్ ఒక మార్గం చూపాడు. ప్రతి వస్తువుకూ రెండు మూడు రూపాలు చేసిపెట్టి, దగ్గరనుంటే వివరమైనది, దూరమైతే మోటుది చూపాలి. మైలు దూరపు వంతెనకు మేకులు చూపడం వృథా గదా! చెట్ల విషయంలో ఇంకా మోటు ఉపాయం ఉన్నది. చెట్టు ఫొటోను రెండు పలుచని తలాలకు అంటించి ఒకదానినొకటి ఖండించేటట్లు నిలబెడతారు. సురభి నాటకాలలో తెరమీద గీసిన అడవిని చూచి మురిసినవారికి ఇందులో వింత తోచదు.

రెండవ చిక్కు, కొండ ఆకారం. శంకువులు, గోళాలు పేరిస్తే కొండ కాదు. బెన్వా మాండెల్‌బ్రోట్ ప్రకృతిలోని గరుకుదనం ఏ కొలతలో చూచినా ఒకే తీరున ఉంటుందన్నాడు. దాని ఆధారంగా 1982లో ఫోర్నియర్, ఫసెల్, కార్పెంటర్ అనే ముగ్గురు ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. ఒక గీత తీసుకొని, దాని మధ్య బిందువును యాదృచ్ఛికంగా కొంత పైకో కిందికో జరపాలి. వచ్చిన రెండు ముక్కల మధ్య బిందువులను అంతకంటె తక్కువగా జరపాలి. ఇట్లా పదిసార్లు చేస్తే 1,024 ముక్కల కొండ కొమ్ము వస్తుంది. విద్యార్థులు పాచికతో కాగితంమీద చేసి చూడవచ్చు. మొక్కల పెరుగుదలకు 1968లో లిండెన్‌మేయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇచ్చిన నియమాలు తరువాత తెరమీది చెట్లకు ఉపయోగపడ్డాయి.

అయితే ఇట్టి యాదృచ్ఛికపు కొండ కంటికి ఇంపైనా రైలు దారికి పనికిరాదు. నిజమైన కొండను నీరు కోసింది. ప్రతి వాగూ పెద్ద వాగులో, అది నదిలో కలుస్తూ కిందికే పోతుంది. కొండ రైలు వేసే ఇంజనీరు చాలా చోట్ల ఆ నీటి వెంబడే పైకి వెతుక్కుంటూ పోతాడు. మధ్య బిందువులను జరిపి చేసిన కొండలో నీటికి దారి ఉండదు. ఎక్కడ పడితే అక్కడ గుంటలు తేలుతాయి. 1989లో మస్‌గ్రేవ్, ఆయన సహచరులు అటువంటి కొండమీద లెక్కలలోనే వాన కురిపించి, మట్టి కొట్టుకుపోయేటట్లు చేసి ఈ లోపాన్ని కొంత సరిదిద్దారు. ఓపిక ఉన్నవారు మాత్రం నిజమైన లోయనే అరువు తెచ్చుకొని అందులో లేని దారి వేస్తారు. ఎహెర్న్ పద్ధతి తలకిందులైంది: నేల నిజం, రైలు కల్పితం.

నేల అరువు దొరకడం 2000 ఫిబ్రవరితో సులభమైంది. ఎండెవర్ అనే అంతరిక్ష నౌక పదకొండు రోజుల యాత్రలో ఉత్తర 60 డిగ్రీలనుంచి దక్షిణ 56 డిగ్రీలదాకా నేల ఎత్తులను రాడారుతో కొలిచింది. నౌకలో ఒక ఏంటెనా, 60 మీటర్ల గడ చివర మరొకటి. ఒకే చోటునుంచి తిరిగివచ్చిన అలలు రెంటినీ చేరడంలో కలిగే సూక్ష్మ భేదంనుంచి ఎత్తు తేలుతుంది. రెండు కండ్లతో మనం దూరం గ్రహించినట్లే. మొదట్లో అమెరికా వెలుపల దేశాలకు సుమారు 90 మీటర్లకొక బిందువు చొప్పున మాత్రమే విడుదల చేశారు. 30 మీటర్ల కొలతలు 2014 తరువాత వచ్చాయి.

మరుసటి సంవత్సరం, 2001లో, మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటరు వెలువడింది. అంతకు ముందు కూడా రైలు నడిపే ఆటలున్నవి. దీని విశేషం వేరు. కొత్త మార్గాలు కట్టుకొనే పనిముట్లను కూడా కొన్నవారికే ఇచ్చారు. అంతటితో లేని రైలు దారులు ఇల్లిల్లా మొదలయ్యాయి. అందులో నేలను 2,048 మీటర్ల చతురస్రాలుగా కోస్తారు. ప్రతి చతురస్రంలో ఎనిమిది మీటర్లకొక ఎత్తు బిందువు. ఇట్లా కోయడంలో ఒక లాభమున్నది. కంప్యూటరు సాధారణంగా స్థానాన్ని 24 ద్విసంఖ్యా స్థానాలతో గుర్తుంచుకుంటుంది. మొదలునుంచి 100 కిలోమీటర్ల దూరం పోయేసరికి అది చెప్పగల మిక్కిలి చిన్న అడుగు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. పట్టాలు వణికినట్లు కనిపిస్తాయి. ప్రతి చతురస్రానికీ దాని మధ్యనుంచే కొలిస్తే ఆ పొరపాటు మిల్లీమీటరులో పదోవంతుకు లోపలనే ఉంటుంది.

ఎనిమిది మీటర్ల ఎడమే నారోగేజి కట్టేవానికి తలనొప్పి. సన్నదారి కోత నాలుగైదు మీటర్ల వెడల్పు మించనక్కర లేదు. ఎనిమిది మీటర్ల జల్లెడలో అది పట్టదు. ఒక్క బిందువును కిందికి దించితే చుట్టూ నేల పదహారు మీటర్ల మేర పళ్ళెంలా కుంగుతుంది. కొండను అంటి పోవలసిన దారి పెద్ద గొయ్యిలో పోతుంది. అందుచేత వారు నేలను వదిలి, రాతి గోడలను, కోత చరియలను విడి బొమ్మలుగా చేసి దారి ఇరుప్రక్కల నిలబెడతారు. మెయిలు బండి వేగంలో ఇవన్నీ గీతలుగా జారిపోతాయి. గంటకు పదిహేను కిలోమీటర్లు పోయే నారోగేజిలో ప్రతి రాయీ చూచేవాని ముందు నింపాదిగా నిలబడుతుంది. తప్పు దాగదు.

దారి వేయడంలో లెక్క తప్పించుకోలేరు. పలకరాతి గని రేవుకంటె 300 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. వాలు 50కి 1 అయితే దారి 15 కిలోమీటర్లు ఉండాలి. లోయ పొడవు ఆరే కిలోమీటర్లైతే మిగిలిన తొమ్మిదిని పక్క వాగులలోకి పోయి రావడంలోనో, చుట్లలోనో, వెనుకకు ముందుకు నడిచే మెలికలలోనో ఖర్చుచేయాలి. డార్జిలింగు మార్గం 2,258 మీటర్ల ఎత్తున్న ఘుమ్‌కు చేరడానికి చుట్లు, జెడ్ మెలికలు రెండూ వాడుకున్నది. సొగసుకోసం వేసినవి కావవి. తెరమీద సొగసుకోసమే వేసిన చుట్టు చూచేవానికి వెంటనే తెలిసిపోతుంది. అట్లాగే గని ఉంటే రాతి గుట్టలుండాలి, ఆవిరి ఇంజనుంటే నీళ్ళ తొట్టి ఉండాలి, తొట్టి ఉన్నచోట పైన ఊట ఉండాలి. సరుకు ఏది, ఎవరు పంపుతారు, ఎవరు కొంటారు అన్న ప్రశ్నలకు జవాబు లేని కల్పిత మార్గంలో ఎన్ని చెట్లు నాటినా బండి ఎందుకు నడుస్తున్నదో తెలియదు.

ఇంత శ్రమతో ఒక్కొక్కరు ఏండ్ల తరబడి కట్టిన దారులు ఒకే ప్రోగ్రామును నమ్ముకొని ఉన్నవి. దాని రెండవ రూపం వస్తుందని 2003లో ప్రకటించి మరుసటి సంవత్సరం మానివేశారు. 2007లో మళ్ళీ పూనుకొన్నారు. 2009 జనవరిలో ఆ పని చేస్తున్న స్టూడియోనే మూసివేశారు. కొత్త కంప్యూటర్లమీద పాత ప్రోగ్రాము తడబడసాగింది. ఆలెన్ కొండలు ఒక పూటలో కాలిపోయాయి. వీరి కొండలు చెక్కుచెదరకుండా ఉండి కూడా కనిపించకుండా పోయే స్థితి వచ్చింది. అచ్చు వేసిన పుస్తకం అక్షరాలు నిలిచి, చదివే కన్ను కరువైనట్లు! అప్పుడు కొందరు ఔత్సాహికులు పాత ఫైళ్ళను యథాతథంగా చదువగల కొత్త ప్రోగ్రామును స్వయంగా వ్రాయ మొదలుపెట్టారు. పేరు ఓపెన్ రైల్స్. దాని మూల ప్రోగ్రామును ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. 2015లో తొలి పూర్తి రూపం వెలువడింది. టాలిలిన్‌లో పట్టాల మధ్య గడ్డి పీకినవారిని, ఇక్కడ ఫైళ్ళ అమరికను విడదీసినవారిని ఒక కోవలో చేర్చవచ్చు.

నౌపడా నారోగేజి 1931 నాటికి గుణుపురందాకా పెరిగింది. 2004లో ఆ బండ్లు ఆగిపోయాయి. 2011 నాటికి ఆ దారిలో బ్రాడ్‌గేజి వచ్చింది. ఆ సన్నదారిని ఎవరైనా తెరమీద తిరిగి కట్టదలిస్తే నేల ఎత్తులు సిద్ధంగా ఉన్నవి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ శ్రీకాకుళం జిల్లాను కొలిచినప్పుడు చిన్నబండ్లు ఇంకా నడుస్తూనే ఉన్నవి. తూర్పు కనుమల కొండలన్నీ ఆ కొలతలలో ఉన్నవి. మూడు నాలుగు మీటర్ల వెడల్పు రైలు కట్ట మాత్రం 30 మీటర్ల జల్లెడలోనుంచి జారిపోయింది. దానిని పాత పటాలు, ఫొటోలు, ఆ బండి ఎక్కినవారి జ్ఞాపకాలు చూచి చేతితో వేసుకోవలసిందే.